ఎండకు తెల్లబడే ఊక పలకలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వాడి పారేసిన ప్లాస్టిక్‌ను కరిగించి, అందులో వరి ఊకనో పత్తికట్టె పొట్టునో కలిపి, కొన్నిసార్లు పాత టైర్ల పొడిని కూడా చేర్చి పోసిన పలకలు, గుంజలు, బెంచీలు మన వైపు ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తున్నాయి. ఆరుబయట అవి ఎన్నాళ్లు నిలుస్తాయని అడుగుతూ నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలు ఎక్కువ కావడంతో ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాము.

ప్రశ్న: నమస్కారమండీ. మాది బత్తాయి తోట. రెండేళ్ల కింద బోరు మోటారు గది ముందు అరుగుకు, పశువుల కొట్టం గోడకు ఊక, పాత ప్లాస్టిక్ కలిపి చేసిన గోధుమరంగు పలకలు కొని బిగించుకున్నాం. చెద పట్టదు, పదిహేనేళ్ల దాకా చూసుకోనక్కరలేదు అని అమ్మినాయన చెప్పాడు. ఇప్పుడు ఎండ తగిలే పలకలన్నీ తెల్లబడ్డాయి. చేత్తో రుద్దితే పొడి వస్తోంది. కోసిన చివరలు ఉబ్బాయి. కొట్టం లోపల బిగించినవి మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయి. మేము మోసపోయామా? ఇప్పుడు ఏమైనా చేయవచ్చా?
— ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: కొట్టం లోపలి పలకలు కొత్తవాటిలాగే ఉన్నాయని మీరు రాసిన వాక్యం చాలా విలువైనది. ఒకే రోజు కొన్న పలకలలో నీడన ఉన్నవి బాగుండి, ఎండన ఉన్నవి పాడయ్యాయంటే, సరుకు దానంతట అది చెడిపోలేదనీ, ఎండ, వాన వంతులు వేసుకుని దాని పై పొరను తిన్నాయనీ అర్థం. ఆ రెండూ ఎలా పనిచేస్తాయో తెలిస్తే ఏం చేయాలో కూడా తెలుస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీ తోటలోనే రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి చూడండి. ఖాళీ యూరియా సంచిని గట్టు మీద వదిలేస్తే ఏడాది తిరిగేసరికి పట్టుకున్న చోటల్లా పోగులు పోగులుగా రాలిపోతుంది. అదే ఎండలో బత్తాయి చెట్ల పాదుల చుట్టూ పరిచిన నల్లటి డ్రిప్ పైపు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. రెండూ ప్లాస్టిక్కే. సంచి పాలీప్రొపిలీన్ పోగులతో నేసినది. పైపు పాలిథిన్‌తో చేసినది, అందులో నూటికి రెండు మూడు పాళ్లు కార్బన్ బ్లాక్ అనే మెత్తటి మసి కలిపి ఉంటుంది. ఆ మసి ఎండను తానే మింగి, లోపలి ప్లాస్టిక్‌కు గొడుగు పడుతుంది. మీ గోధుమరంగు పలకకు అటువంటి గొడుగు తగినంత లేదు.

భూమికి చేరే ఎండలో అతినీలలోహిత కిరణాల వాటా నూటికి ఐదారు పాళ్లే. అయినా 300 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల ఉండే ఆ కాంతికి, ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసులో కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య ఉన్న బంధాన్ని తెంచగలిగేంత శక్తి ఉంటుంది. స్వచ్ఛమైన పాలిథిన్ ఆ కిరణాలను దాదాపుగా పీల్చుకోదు, పీల్చుకోని కాంతి హాని చేయదు. పాత ప్లాస్టిక్ సంగతి అలా ఉండదు. ఒకసారి బకెట్టుగానో పాల ప్యాకెట్టుగానో కరిగి, కొన్నాళ్లు ఎండలో తిరిగి, మళ్లీ పలక కోసం కరిగేసరికి దాని గొలుసులకు ఆక్సిజన్ చేరిన కార్బొనైల్ గుంపులు అక్కడక్కడా ఏర్పడి ఉంటాయి. కిరణాలను పట్టుకునేవి అవే. అక్కడ గొలుసు తెగుతుంది, తెగిన చోట గాలిలోని ఆక్సిజన్ చేరుతుంది, మరికొన్ని కార్బొనైల్ గుంపులు పుడతాయి, అవి మరింత ఎండను పట్టుకుంటాయి. పాలీప్రొపిలీన్ గొలుసులో ప్రతి రెండో కార్బన్‌కు ఒక చిన్న కొమ్మ ఉండడం వల్ల అక్కడి హైడ్రోజన్ సులువుగా ఊడివస్తుంది, అందుకే యూరియా సంచి పాలిథిన్ కంటే ముందే పొడైపోతుంది. తెగి పొట్టివైన గొలుసులు దగ్గరగా సర్దుకుని బిగుసుకుంటాయి, పై పొర ముడుచుకుంటుంది, కంటికి కనబడని నెర్రెలు విచ్చుకుంటాయి. మీ చేతికంటుతున్న పొడి ఆ పొరదే.

తెల్లబడడానికి ఊక కూడా కారణమే. ఊకలో దాదాపు ఐదో వంతు లిగ్నిన్ ఉంటుంది. మొక్కల కణాలను అతికించి ఉంచే ఈ పదార్థం ప్లాస్టిక్ కంటే ఎంతో ఎక్కువగా అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని, పసుపు, గోధుమ రంగుల చిన్న చిన్న ముక్కలుగా విరుగుతుంది. ఆ ముక్కలు నీళ్లలో కరుగుతాయి. పలకలు బిగించిన కొత్తలో మొదటి వానకు కింద గోడ మీద టీ కషాయంలాంటి చారలు పడి ఉంటాయి, గుర్తు తెచ్చుకోండి. మొదట్లో కారే ఆ రంగు పొట్టులో సహజంగా ఉండేది, తర్వాత తర్వాత కారేది విరిగిన లిగ్నిన్. అది పోయాక మిగిలేది సెల్యులోజు అనే తెల్లటి నార పదార్థం.

నీళ్లను పీల్చేది ఆ సెల్యులోజే. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. రోహిణి కార్తెలో పై పొర నెర్రెలు విచ్చితే, ఆ వెంటనే వచ్చే మృగశిర వాన ఆ నెర్రెల్లోకి దిగుతుంది. తడిసిన నార ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఉబ్బదు. మళ్లీ ఎండకు నార ముడుచుకుంటుంది గానీ, ప్లాస్టిక్‌కూ నారకూ మధ్య ఊడిన పట్టు తిరిగి అతుక్కోదు, సన్నటి సందు మిగిలిపోతుంది. తర్వాతి వాన ఇంకొంచెం లోపలికి వెళుతుంది. ఎండ నేరుగా చేసే నష్టం పై అర మిల్లీమీటరును దాటి పెద్దగా పోదు కాబట్టి ఎండ ఒక్కటే అయితే ఇన్ని పలకలు పాడయ్యేవి కావు. ఎండ తలుపు తీస్తే లోపలికి వచ్చి పాడుచేసేది నీరు. రంపంతో కోసిన చివరల దగ్గర ఎండ తలుపు తీయాల్సిన పని కూడా లేదు, నార మొనలు నేరుగా బయటికే ఉంటాయి. మీ పలకల చివరలు ముందుగా ఉబ్బడానికి కారణం అదే.

ఇది పుస్తకాల్లో చదివి మాత్రమే చెప్పడం లేదు. నేను కూడా ఒకసారి ఇటువంటి పలకలే కొని డాబా మీద బెంచీకి వేయించుకుని, మీలాగే నిరాశపడ్డాను. మిగిలిన ఒక పలక నుంచి జానెడేసి ముక్కలు రెండు కోసి, ఒకదాని చివరలకు రెండు డబ్బాల ఎపాక్సీ బంకను కలిపి పూసి, రెండవదాన్ని కోసింది కోసినట్టే ఉంచి, పిట్టగోడ మీద ఒక ఎండాకాలం నుంచి మరుసటి వానాకాలం చివరిదాకా వదిలేశాను. పై ముఖాలు రెండింటికీ ఒకేలా తెల్లబడ్డాయి, బొటనవేలితో రాస్తే రెండింటికీ సుద్దలా పొడి అంటింది. కానీ వెర్నియర్‌తో చివరలను కొలిచినప్పుడు బంక పూయని ముక్క ఒక మిల్లీమీటరుకు పైగా లావెక్కింది, దాని అంచున ఊక పొట్టు నానబెట్టిన శనగల్లా పొడుచుకొచ్చి గోటికి ఊడివచ్చింది. బంక పూసినదాని చివర దాదాపు మొదట ఉన్న మందంతోనే ఉంది. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందుగా చివరల గురించే చెబుతున్నాను.

మోసపోయారా అని అడిగారు. చెద పట్టదన్న మాట చాలావరకు నిజం. ప్లాస్టిక్ చుట్టుకుని ఉన్నంతకాలం చెదకు నార అందదు. చూసుకోనక్కరలేదన్న మాట మాత్రం చెప్పకూడనిది. ఇప్పుడు చేయదగినవి ఇవి. పలకలను ఊడదీసి, మెత్తటి కుచ్చుతో సబ్బునీళ్లు పెట్టి కడిగి, నాలుగైదు రోజులు బాగా ఎండనివ్వండి. గరుకు కాగితంతో రుద్దకండి, కొత్తగా మరికొంత నార బయటపడుతుంది. ఉబ్బిన చివరలను అంగుళం మేర కోసేసి, కొత్త చివరలకూ స్క్రూ రంధ్రాల లోపలి గోడలకూ ఎపాక్సీ పూయండి. అరుగు పలకలను తిరగేసి, ఎండ చూడని ముఖం పైకి వచ్చేలా బిగించండి. నేల మీద నేరుగా కాకుండా కింద రాతి ముక్కలు పెట్టి, పలకకూ పలకకూ మధ్య వేలు దూరేంత సందు ఉంచితే నీళ్లు నిలవవు.

ప్రశ్న: మాకు మిల్లులో ఊకకు కొదవ లేదు. పలకలు చేసే చిన్న యంత్రం పెట్టాలని మా అన్నదమ్ముల ఆలోచన. ఊక ఎంత ఎక్కువ కలిపితే అంత చౌక కదా, నూటికి అరవై డెబ్బై పాళ్లు వేయవచ్చా? మీరు చెప్పే కార్బన్ బ్లాక్ ఖరీదైనది, మా బాయిలర్ నుంచి వచ్చే నల్ల బూడిదను బదులుగా వాడవచ్చా?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అరవై డెబ్బై పాళ్లు వేసినా పలక తయారవుతుంది, కొత్తలో గట్టిగా కూడా ఉంటుంది. ఇంటి లోపలి తలుపులకు, అరలకు అయితే నేను అడ్డు చెప్పను. ఆరుబయటకు మాత్రం నూటికి ముప్పై, మహా అయితే నలభై దగ్గర ఆగండి. ఊక తక్కువగా ఉన్నప్పుడు ఒక్కో పలుకును ప్లాస్టిక్ విడిగా చుట్టుకుని ఉంటుంది. సగం దాటిన కొద్దీ పలుకులు ఒకదానికొకటి తగులుతూ, పలక ఈ మూల నుంచి ఆ మూల దాకా నీటికి దారి కట్టిపెడతాయి. ఊకలో మీరు మిగిల్చిన డబ్బు రెండో వానాకాలానికి కొన్నవారి ఫిర్యాదుగా తిరిగి వస్తుంది.

బూడిద ప్రశ్న చాలామంది అడగదగినది. నలుపు చూసి రెండూ ఒకటే అనుకోవడం సహజం. ఎండ నుంచి కాపాడే కార్బన్ బ్లాక్ రేణువు దాదాపు 20 నానోమీటర్లు, అంటే ఒక మిల్లీమీటరులో యాభై వేలు వరుసగా పట్టేంత చిన్నది. ఆ కాస్త మసి పలకలో సమంగా పరుచుకుంటే కిరణాలు దాటిపోవడానికి సందు దొరకదు. బాయిలర్ బూడిద దానితో పోలిస్తే గులకరాళ్లంత ముతక. నల్ల రంగు ఇస్తుంది గానీ మధ్యలో కిరణాలకు దారి మిగులుతుంది. పైగా దానిలో అధిక భాగం సిలికా. ఊకలో నూటికి పదిహేను ఇరవై పాళ్లు ఉండే సిలికా బూడిదలో ఇంకా చిక్కబడి, మీ యంత్రంలోని స్క్రూను, బ్యారెల్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది. బూడిద నీళ్లు పీల్చి ఊకలా ఉబ్బదు అన్న మేలు ఉన్నమాట నిజం, అందుచేత ఊకలో కొంత భాగానికి బదులుగా మెత్తగా జల్లించి వేసి చూడండి. కార్బన్ బ్లాక్‌కు బదులుగా మాత్రం వేయకండి. బజారులో అది మాస్టర్‌బ్యాచ్ గుళికలుగా దొరుకుతుంది. గుళికలో నూటికి 40 నుంచి 50 పాళ్లే మసి ఉంటుంది కాబట్టి పలకలో రెండున్నర పాళ్లు మసి చేరాలంటే గుళికలు ఐదారు పాళ్లు వేయాలి. ఈ లెక్క తప్పి రెండున్నర పాళ్లు గుళికలే వేసి సరిపెట్టుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

ఊకను ఎండబెట్టే పనిలో ఏమాత్రం అలసత్వం వద్దు. చేతికి పొడిగా తగిలే ఊకలో కూడా నూటికి పది పాళ్ల దాకా తేమ ఉంటుంది. అది కరిగిన ప్లాస్టిక్‌లో ఆవిరై పలక లోపల బుడగలుగా నిలిచిపోతుంది, ఆ బుడగలు తర్వాత నీటికి తొట్లవుతాయి. వేడి గాలిలో ఎండబెట్టి తేమను ఒకటి రెండు పాళ్లకు దించాకే కలపండి. యంత్రం వేడి 200 డిగ్రీలు దాటనివ్వకండి. దాటితే ఊక మాడడం మొదలవుతుంది. 130 డిగ్రీల దగ్గర కరిగే పాలిథిన్, 165 దగ్గర కరిగే పాలీప్రొపిలీన్ దీనికి సరిపోతాయి. నీళ్ల సీసాల ప్లాస్టిక్ 250 డిగ్రీలు దాటితే గానీ కరగదు, అది ఊకకు పనికిరాదు. ఇక ఊక నీటికి చుట్టం, ప్లాస్టిక్ నూనెకు చుట్టం. రెండింటినీ కలిపే మధ్యవర్తిగా మలేయిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం అంటించిన పాలిథిన్ లేక పాలీప్రొపిలీన్‌ను నూటికి రెండు నుంచి ఐదు పాళ్లు చేర్చాలి. దానిలో ఒక కొస ఊకలోని సెల్యులోజును పట్టుకుంటే మిగతా గొలుసు ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది. ఖర్చు తగ్గించడానికి అందరూ ముందుగా తీసేసేది దీన్నే. వానకు ఉబ్బే పలకలు చాలావరకు ఇది తీసేసినవే. సరుకు అమ్మకానికి పెట్టేముందు హైదరాబాద్ చర్లపల్లిలోని సీపెట్ (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సాంకేతిక సంస్థ) వంటి చోట పరీక్ష చేయించుకోవడం మంచిది.

ప్రశ్న: మా ఊళ్లో టైరు బొక్కెనలు, ఎడ్లబండి టైర్లు ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్నా ఏమీ కావు. అలాంటప్పుడు ప్లాస్టిక్, ఊక మిశ్రమంలో టైరు పొడి ఎక్కువగా వేస్తే పలక కూడా అలాగే మన్నుతుంది కదా?
— ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: మీరు చూసినది నిజమే, దానికి కారణాలు మాత్రం టైరులోనే ఉన్నాయి, పొడిగా మారాక అన్నీ వెంట రావు. టైరు బరువులో సుమారు పాతిక పాళ్లు కార్బన్ బ్లాక్. పైగా గంధకంతో కాల్చి రబ్బరు గొలుసులను అడ్డంగా ముడివేస్తారు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్న ఈ పద్ధతి లేకపోతే రబ్బరు ఎండకు బంకలా కారిపోయేది. ఆ ముడుల వల్లనే టైరు పొడి మళ్లీ కరగదు. కరిగిన ప్లాస్టిక్‌లో అది ఉప్మాలో జీడిపప్పులా విడిగానే ఉంటుంది, దాని చుట్టూ పట్టు బలహీనంగా ఉంటుంది. ఊక చుట్టూ బలహీనత, రబ్బరు చుట్టూ మరొక బలహీనత: నీటికి రెండు దారులు. పొడిని ఎంత మెత్తగా జల్లిస్తే అంత మేలు. ముతక పలుకులున్న పలక వంచితే పలుకు పక్కనే విరుగుతుంది.

రబ్బరు చేసే మేలు కూడా ఉంది. దానిలోని మసి వల్ల చుట్టుపక్కల ప్లాస్టిక్‌కు కొంత నీడ దొరుకుతుంది. రబ్బరు నీళ్లను ఊకలా పీల్చదు. దెబ్బ తగిలితే పలక పెళుసుగా పగలకుండా కొంత సాగుతుంది, పశువులు నిలబడే చోట కాలు జారదు. ఊకను తగ్గించి ఆ వాటాలో పదిహేను ఇరవై పాళ్లు రబ్బరు పొడి వేసి, మధ్యవర్తిని మరిచిపోకుండా చేసిన పలకకు నేను ఓటు వేస్తాను. అంతకు మించితే పలక మెత్తబడి ఎండకు వంగుతుంది.

ఎడ్లబండి టైరు ఏమీ కాదన్నారు గానీ, దాని పక్క గోడను ఒకసారి దగ్గరగా చూడండి. వంపు ఎక్కువగా ఉన్న చోట, లాగిన దిక్కుకు అడ్డంగా వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. అది గాలిలో అతి స్వల్పంగా ఉండే ఓజోన్ పని. సహజ రబ్బరు గొలుసులోని జంట బంధాలను ఓజోన్ కోసేస్తుంది, రబ్బరు సాగి ఉన్న చోటే ఆ కోత పగులుగా విచ్చుకుంటుంది. దాన్ని ఆపడానికి తయారీదారులు టైరులో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది ఓజోన్‌తో కలిసి వేరొక పదార్థంగా మారుతుందనీ, టైర్ల అరుగుదలతో వాగుల్లో చేరి కోహో జాతి సాల్మన్ చేపలను చంపుతున్నదనీ అమెరికా శాస్త్రవేత్తలు 2020లో తేల్చారు. టైరులో జింకు కూడా ఉంటుంది, వాన నీటికి కొంత కొంత బయటికి వస్తుంది. అందువల్ల టైరు పొడి కలిసిన పలకలతో పశువుల నీళ్ల తొట్టి గానీ, చేపల చెరువు గట్టు గానీ, కూరగాయల మడి అంచు గానీ కట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. నడిచే బాటకు, ట్రాక్టరు నిలిపే చోటుకు వాడుకోవచ్చు.

ప్రశ్న: మా కళాశాల ప్రాజెక్టు కోసం పత్తికట్టె పొట్టు, పాత ప్లాస్టిక్‌తో పలక చేశాం. యంత్రంలో వెయ్యి గంటల ఎండ పరీక్ష తట్టుకుంటే ఎన్నేళ్లు మన్నుతుందని రాసుకోవచ్చు? మా దగ్గర ఆ యంత్రం లేదు, వేరే మార్గం ఉందా?
— ఒక విద్యార్థిని, నాగర్‌కర్నూల్

జవాబు: గంటలను నేరుగా ఏళ్లుగా మార్చి రాయకండమ్మా. ఎక్కువగా వాడే పరీక్షలో 340 నానోమీటర్ల దగ్గర ఎక్కువ వెలుగునిచ్చే దీపాలను 60 డిగ్రీల వేడిలో ఎనిమిది గంటలు వెలిగించి, తర్వాత నాలుగు గంటలు దీపం ఆర్పి 50 డిగ్రీల ఆవిరిలో తడుపుతారు. అంటే వెయ్యి గంటల్లో దీపం వెలిగేది 667 గంటలే. ఆ వెలుగు మన మిట్టమధ్యాహ్నపు ఎండకు దగ్గరగా ఉంటుందనుకుని, ఎర్రటి ఎండ రోజుకు ఐదారు గంటలని లెక్కవేస్తే అది దాదాపు నాలుగు నెలల ఎండ. వెయ్యి గంటలను పదేళ్లని రాసే ప్రకటనలను ఈ లెక్కతో చూడండి. అదీగాక యంత్రంలో దుమ్ము, బూజు, సాలెపురుగు గూడు, పక్షి రెట్ట ఉండవు. మన గోడ మీద అవన్నీ ఉంటాయి. రెండు రకాల పలకలలో ఏది మెరుగో తేల్చడానికి యంత్రం బాగా ఉపయోగపడుతుంది.

యంత్రం లేకపోవడం లోటు అనుకోకండి. కళాశాల డాబా మీద దక్షిణం వైపు ముఖం పెట్టి, మన అక్షాంశానికి తగ్గట్టు పదిహేడు డిగ్రీల వాలులో ఒక చట్రం కట్టండి. ఒకే పలక నుంచి కోసిన ముక్కలను దానికి బిగించి, అవే కొలతల ముక్కలను బీరువాలో చీకట్లో దాచండి. బిగించే ముందు ఒక్కోదాని బరువు, మందం రాసుకోండి. ప్రతి మూడు నెలలకు ఒక ముక్కను దింపి, బరువు తూచి, 24 గంటలు నీళ్లలో ముంచి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. రెండు తూకాల తేడాయే నీటి పీల్పు. విడత విడతకూ అది పెరుగుతున్న తీరు మీకు నెర్రెలు ఎంత లోతుకు పోయాయో చెబుతుంది. రంగు కోసం ఒకే వేళ, ఒకే చోట, పక్కన తెల్ల కాగితం పెట్టి ఫొటో తీయండి. ముక్క సగానికి నల్ల టేపు చుట్టి ఉంచితే, విప్పినప్పుడు ఎండ చూసిన సగం, చూడని సగం ఒకే ముక్కలో పక్కపక్కన కనిపిస్తాయి. పరీక్షకులకు చూపడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. మార్చిలో మొదలుపెడితే ఎండాకాలం మొత్తం, ఆ తర్వాత వాన మీకు దక్కుతాయి.

ప్రశ్న: రాతి కడీలు పాతడానికి కూలి, రవాణా భారమవుతున్నాయి. వాటికి బదులు ఈ ప్లాస్టిక్ గుంజలతో తీగ కంచె వేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మూలల్లో, గేటు దగ్గర, తీగను లాగి బిగించే చోట రాతి కడీలనే ఉంచండి. పాలిథిన్ గట్టిగా కనిపించినా ఎడతెగని బరువు కింద నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది, తిరిగి మొదటికి రాదు. మే నెలలో నల్లటి గుంజ పై భాగం 60 డిగ్రీలు దాటి వేడెక్కినప్పుడు దాని బిగువు దాదాపు సగానికి పడిపోతుంది. తీగ లాగుడుకు అప్పుడు వంగిన గుంజ చలికాలం వచ్చినా అలాగే వంగి ఉంటుంది. మధ్యలో తీగను పట్టుకుని నిలబెట్టడానికి మాత్రం, నాలుగు గుంజలకు ఒక కడీ చొప్పున వాడుకోవచ్చు. గుంజ కింది కొసను తప్పక మూసి పాతండి. నేలలో తేమ ఎప్పుడూ ఉంటుంది, నారలో తేమ నూటికి ఇరవై పాళ్లు దాటితే శిలీంధ్రం పట్టడానికి వీలవుతుంది. పలకలను అడ్డంగా బిగించేవారికి ఒక మాట: మూడు మీటర్ల పలక చలికాలపు తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ మధ్య దాదాపు ఐదు మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. స్క్రూ రంధ్రాన్ని కోలగా తీయకపోతే పలక పాములా వంకర తిరుగుతుంది.

ప్రశ్న: తెల్లబడ్డ పలకలకు మామూలు పెయింట్ వేస్తే సరిపోదా?
— ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: సరిపోదు. పాలిథిన్, పాలీప్రొపిలీన్ ముఖానికి పెయింట్ పట్టదు, రెండు వానలకు పొరలుగా లేస్తుంది. లేచిన పొర కింద నీళ్లు నిలిచి ఇంకా చేటు. కొత్తగా కొనేటప్పుడే పై ముఖానికి నార కలపని, ఎండను ఆపే రసాయనాలున్న ప్లాస్టిక్ తొడుగు వేసిన పలక అడగండి. ధర ఎక్కువైనా నేను అదే కొంటాను. కొనేముందు దుకాణంలోనే కోసిన చివర చూపించమనండి. తొడుగు వేరే రంగు గీతలా చుట్టూ కనబడుతుంది.

ప్రశ్న: పాడైన పలకలను మళ్లీ కరిగించవచ్చా, లేక కాల్చివేయడమే మార్గమా?
— ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: కాల్చవద్దు. పాత ప్లాస్టిక్‌లో పీవీసీ ముక్క ఒక్కటి ఉన్నా హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ వస్తుంది, టైరు పొడి ఉంటే గంధకపు పొగ తోడవుతుంది. పలకను అడ్డంగా కోసి చూడండి. చివరలు ఉబ్బకపోతే తెల్లబడిన పై పొర కింద గోధుమరంగు అలాగే కనిపిస్తుంది. ఆ లోపలి భాగం ఇంకా పనికొస్తుంది. పలకలు చేసేవారికి తిరిగి ఇస్తే వారు పొడి చేసి, ఎండబెట్టి, కొత్త సరుకుతో కలుపుకోవచ్చు. ఎండ తిన్న పొర కార్బొనైల్ గుంపులతో నిండి ఉండడం వల్ల అది మళ్లీ పై ముఖంలోకి వస్తే కొత్త పలక ఇంకా తొందరగా తెల్లబడుతుంది, కనుక దానిని తొడుగు కింద లోపలి పొరకే వాడాలి. ఇచ్చేముందు స్క్రూలు, మేకులు అన్నీ ఊడదీయండి, ఒక్క మేకు మిగిలినా పొడి చేసే యంత్రం కత్తులు పోతాయి.